కొబ్బరినూనె జుట్టుకే రాయండి

పాత కారు లెదర్ సీటు మీద కొబ్బరినూనె పోసి, గుడ్డతో రుద్ది, "చూశారా మెరుపు!" అనే రీల్ మీ ఫోన్లోకి కూడా వచ్చే ఉంటుంది. మెరుపు నిజమే, మొదటి రోజు. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం రీల్‌లో ఉండదు. నూనె కుట్ల రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది. పైన మిగిలింది దుమ్ముని పట్టుకుని జిడ్డు కడుతుంది. కొన్ని నెలలకి కారు డోర్ తీస్తే పాడైన నూనె వాసన. చలికాలం పొద్దున్నే అయితే సీసాలో గడ్డ కట్టినట్టే సీటులోనూ గడ్డ కడుతుంది.

పోయిన నెల సికింద్రాబాద్ నుంచి ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, తాతయ్య కారు. 1962 జాగ్వార్ మార్క్ 2. సీట్లు పోయాయి, పీకేసి కొత్తవి వేద్దామంటున్నాడు షాపాయన. ఆదివారంలోగా చెప్పాలి. ఏం చెయ్యమంటావ్?" ఫొటోలు చూసి ఇలాంటివి తేల్చలేం. శనివారం వెళ్లాను.

ముందు చూడాల్సింది అది అసలు తోలేనా అని. నవ్వకండి. మన అంబాసిడర్లలో, పద్మినీల్లో కనిపించేది ఎక్కువగా రెగ్జిన్. జాగ్వార్ వాళ్లే 1967లో తెచ్చిన 240, 340 మోడళ్లలో ఖర్చు తగ్గించుకోవడానికి ఆంబ్లా అనే కృత్రిమ తోలు వాడారు. సీటు కింద అంచు కాస్త తిప్పి వెనకవైపు చూడండి. నూగులా పీచు ఉంటే తోలు. నేసిన గుడ్డ కనిపిస్తే రెగ్జిన్. ఈ కుర్రాడిది తోలే.

తర్వాత ఒక నీటి చుక్క వేశాను. ముత్యంలా నిలబడింది. అంటే తోలు మీద పెయింట్ పూత ఉంది. కార్ల సీట్లలో చాలావాటికి ఇంతే, మనం చూసే రంగు ఆ పూతదే. అందుకే "తోలుకి ఆకలేస్తుంది, ఆయిల్ తినిపించాలి" అనే మాట నాకు నచ్చదు. పూత బాగున్నచోట పైన రాసిందేదీ పెద్దగా లోపలికి పోదు. చుక్క వెంటనే ఇంకిపోయి మచ్చ పడితే పూత లేదనో, అరిగిపోయిందనో అర్థం. అప్పుడు మీరు రాసే ప్రతిదీ లోపలికి పోతుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇక బొటనవేలితో నొక్కి చూడటం. వెనక సీటు మెల్లగా ముడతపడి మళ్లీ సాగింది. ప్రాణం ఉంది! అప్పడంలా పెళుసుగా విరిగి, ఎర్రటి పొడి రాలితే మాత్రం ఏ క్రీమూ బతికించదు. చెట్టు బెరడుతో శుద్ధి చేసిన పాత తోళ్లకి వచ్చే జబ్బు అది. (మన బతుకమ్మ తంగేడు ఉంది కదా, దక్షిణాదిలో తోళ్లు శుద్ధి చేయడానికి దాని బెరడే ఎక్కువగా వాడేవాళ్లు.) డ్రైవర్ సీటు పక్క దిండు మాత్రం ఎక్కి దిగీ పగిలిపోయింది.

షాపాయన మోసం చేస్తున్నాడని అనను. కొత్తది వేయడం ఆయనకి తేలిక, రేపు పగిలిందనే మాట రాదు. కానీ అప్పట్లో జాగ్వార్, రోల్స్ రాయిస్‌లకి తోలు ఇచ్చిన లండన్ కంపెనీ కనోలీ 2002లోనే మూతపడింది. పీకి పడేసిన సీటు మళ్లీ దొరకదు. కడగడానికి పట్టేది ఒక పూట. ముందు కడిగి చూస్తే పోయేదేముంది?

కడగడం అంటే బకెట్ నీళ్లు కాదు. ముందు మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో కుట్ల మధ్య ఇసక తీశాం. కూర్చున్న ప్రతిసారీ దారాన్ని కోసేది ఆ ఇసకే. తర్వాత లెదర్ క్లీనర్. తోలు స్వభావం కాస్త పులుపు వైపు, మన బట్టల సబ్బులు క్షారం వైపు, రెండింటికీ పడదు. శానిటైజర్, థిన్నర్ అయితే ఏకంగా పూతనే లేపేస్తాయి. క్లీనర్‌ని సీటు మీద కాకుండా బ్రష్ మీద వేసుకుని నురగ చేసి, ముందు కనపడని మూల తెల్లగుడ్డతో తుడిచి చూశాం. గుడ్డకి మురికి అంటింది, రంగు అంటలేదు. రంగు వచ్చుంటే అక్కడే ఆపేసేవాళ్లం. జానెడు చోటు రుద్దడం, వెంటనే తుడవడం, పక్కకి జరగడం. నీళ్లు ఎక్కువైతే కుట్లలోంచి లోపలి పరుపులోకి దిగి బూజు పడుతుంది.

ఆరో గుడ్డ నల్లబడేసరికి, కాఫీ రంగు అనుకున్న సీటు ఎర్రగా బయటపడింది. కుర్రాడు వాళ్ల అమ్మని కేకేశాడు. ఆవిడ వచ్చి చేత్తో తడిమి, "చిన్నప్పుడు ఇదే రంగు" అని అక్కడే కూర్చుండిపోయింది.

నీడలో ఆరనిచ్చాక కండిషనర్ పల్చగా ఒక్కసారి, పావుగంట ఆగి మిగిలింది తుడిచేయడం. దిండుకి మాత్రం లోపలి నుంచి గుడ్డ అతికించి, పగుళ్లు పూడ్చి, రంగు వేయించమన్నాను. ఆ పని అదే షాపాయన చేస్తానన్నాడు.

మన ఊళ్లలో అసలు శత్రువు ఎండ. మే నెలలో మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. నీడలో పెట్టండి, అద్దం సందు ఉంచండి. వానాకాలం ప్లాస్టిక్ కవర్ కప్పితే లోపలి తేమ బయటికి పోదు, కాటన్ కవరే నయం. బూజు కనిపిస్తే మాస్క్ పెట్టుకుని, నాలుగు డోర్లూ తీసి పొడిగుడ్డతో తుడవండి. కండిషనర్ ఏడాదికి రెండుసార్లు చాలు.

ఇంకోటి, కొత్త జీన్స్. ఆ నీలం రంగు సీటుకి అంటితే వదలడం కష్టం. కుర్రాడికి ఆ సంగతి చెప్పాను. ఇప్పుడు వాళ్ల తాతయ్య పాత పంచె పరుచుకుని డ్రైవ్ చేస్తున్నాడట.