కందులు పండించినవాని విస్తరి

సంక్రాంతి దాటి మిర్చి దిగుబడి మొదలైన దినములలో వరంగల్లులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టునకు పోయి చూచినవారికి, తెల్లవారకముందే వాహనములు బారులు తీరి నిలిచియుండుటయు, ఘాటు సోకకుండ ముక్కులకు తువాళ్లు చుట్టుకొని హమాలీలు బస్తాలు దింపుచుండుటయు, జెండాపాట ముగిసి ధర తెలియువరకు రైతులు తమ బస్తాలమీదనే కూర్చుండి ఎదురుచూచుచుండుటయు ఏటేటా కనబడు దృశ్యములే. పత్తి, మిర్చి, పసుపు, మక్కలు ఇంతింత రాశులుగా వచ్చిపడు యార్డులు ఆసియా ఖండముననే బహు కొలదియని మా ఊరివారు గర్వముగా చెప్పుకొందురు. ఆ గర్వమున నాకును పాలు కలదు. కాని నేటి నా మాట రాశులను గూర్చి కాదు, ఒక విస్తరిని గూర్చి.

నిరుడు కందులు తెచ్చిన వృద్ధుడొకడు, రాత్రియంతయు యార్డులోనే చలికి ముడుచుకొని పడుకొని, మధ్యాహ్నము దాతలు పెట్టు భోజనపు వరుసలో నా ముందు నిలిచియుండెను. తేమ యున్నదనియు, పుల్ల కలిసినదనియు చెప్పి వ్యాపారులు ఆయన సరకునకు కట్టిన ధర మద్దతు ధరకు తక్కువ. విస్తరిలో పడిన పప్పును వ్రేలితో కలిపి చూచి, “ఇది మన దిక్కు కందిపప్పు గాదు బిడ్డా, ఉడికిన తీరే వేరున్నది” అనెను. ఆయన యనినది నిజమే కావచ్చును. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా దేశములనుండి మనకు ఏటేటా కందులు దిగుమతి యగుచున్నవి. తాను పండించిన గింజను నష్టమునకు అమ్ముకొన్నవాడు, ఆ నష్టము వలననే ఉచితాన్నపు వరుసలో నిలిచి, సముద్రములు దాటివచ్చిన పప్పును తినుట యేమి విపరీతము!

భోజనము పెట్టు సంస్థలను నేను తప్పుపట్టను. చేతనున్న ధనముతో ఎక్కువమంది ఆకలి తీర్పవలెనను తపనతో వారు చౌకగా దొరకు చోటనే కొందురు. లోపము వారి మనసున లేదు, మన దానము పోసిన మూసలో ఉన్నది. పెట్టువానికి ధనమిత్తుము గాని, పండించువానికిని పెట్టువానికిని నడుమ ముడి వేయము.

ఆ ముడి వేయుట ఓరుగల్లు ఏలికలు ఎరుగుదురు. 1261లో, రుద్రమదేవి కాలమున, వేయబడిన మల్కాపురము శాసనమును చూడుడు. కృష్ణాతీరమందలి మందడము, వెలగపూడి గ్రామములను విశ్వేశ్వర శంభువునకు ధారవోసి, వాని ఆదాయమునుండి విద్యార్థులకును, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, అన్నసత్రమునకును భాగములేర్పరచి, బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని ఆ శాసనము విధించినది. అచట దానమైనది నాణెముల మూట కాదు, పొలము. దున్నినవాడును తిన్నవాడును ఒక్క దానముచేతనే కట్టుబడియుండిరి. రాజుల కాలపు పన్నుల బరువును, కులభేదములను నేను మరచి ఆ దినములను పొగడుట లేదు. దానమునకు నేల యుండవలెనను ఆ ఒక్క ఎరుకను మాత్రమే తలచుకొనుచున్నాను.

ఆ ఎరుక మన కాలమున మరల మొలకెత్తినది జహీరాబాదు దిక్కున. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రోత్సాహమున, ఆ పల్లెల దళిత స్త్రీల సంఘములు 1990ల నడుమ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖవారి సాయము పొంది, బీడుపడిన చెలకలను సాగుచేసికొనుటకు పేదరైతులకు అప్పులిచ్చిరి. ఆ అప్పును రూకలుగా గాక జొన్నలుగా ఏటికింతయని తీర్పుమనిరి. ఆ జొన్నలను ఊరనే నిలువజేసి, వానకాలపు కరవు నెలలలో అన్నిటికంటె పేదయిండ్లకు తక్కువ ధరకు అమ్మిరి. ఎవరు పేదలో నిర్ణయించినదియు కచ్చేరి గాదు, ఊరిజనమే. ఈ కార్యమునకు వెన్నుదన్నుగా నిలిచి 2023లో మరణించిన పి.వి. సతీశ్ గారిని తెలుగు పత్రికలు తలచుకొనవలసినంత తలచుకొనలేదని నా బాధ.

పరదేశములలోను ఇట్టి యత్నములు లేకపోలేదు. బ్రెజిల్ దేశము 2003 మొదలు చిన్న రైతులనుండియు, చేపలు పట్టువారినుండియు ఆహారమును ప్రభుత్వ ధనముతో కొని ధర్మసంస్థలకు అందించుచున్నది. బడిపిల్లల భోజనమునకిచ్చు కేంద్రనిధిలో కనీసము నూటికి 30 వంతులు కుటుంబ సేద్యగాండ్ర పంటకే వెచ్చింపవలెనని 2009లో చట్టమే చేసినది. అమెరికాలోను అన్నదాన సంస్థలు సమీప రైతులవద్ద, మత్స్యకారులవద్ద కొనుటకు కేంద్రప్రభుత్వము రాష్ట్రముల ద్వారా నిధులిచ్చినది; అయితే 2025 మార్చిలో తరువాతి విడతను రద్దుచేయగా, ఆ కొనుగోళ్లను నమ్ముకొని పంట వేసిన రైతులును, సరకునకై ఎదురుచూచిన సంస్థలును ఒక్కసారిగా దిక్కుతోచక నిలిచిపోయిరి. ఒకచోట చట్టము, మరియొకచోట అధికారుల చిత్తము. నిలిచినదేదో, కూలినదేదో చూచుచునే యున్నాము. మల్కాపురమున ఆ మాటను రాతిమీద చెక్కించుట ఊరక కాదు.

మన రాష్ట్రప్రభుత్వమును ఇందు కొంత త్రోవ నడిచినది. సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చి కొని, 2025 ఏప్రిల్ మొదలు రేషన్ దుకాణములలో సన్నబియ్యమును పంచుచున్నది. బియ్యమునకు సాధ్యమైనది పప్పునకు ఏల కారాదు?

భోజనము పెట్టు సంస్థలు మన యార్డులోని కందులనే కొనుటలో కష్టములు లేవని నేననను. యార్డులో కొనుటకు లైసెన్సు కావలెను. కందులు కొన్నంతనే పప్పు కాదు, మిల్లులో ఆడింపవలెను. అన్నిటికంటె ముఖ్యము: తక్‌పట్టి, అనగా అమ్మకపు చీటి, చేతికి వచ్చిన నాడే రైతునకు సొమ్ము కావలెను, ఈ కొనుగోలుకై సంస్థలకిచ్చు గ్రాంటు ఆరునెలలకు వచ్చిన, ఆలోపల ఆతడు వడ్డీకి అప్పుతెచ్చుకొనును. కావున ముందుగనే ఒక మూలనిధి యుండవలెను. దాతలును ప్రభుత్వమును చెరిసగముగా కూర్చిన ఆ నిధినుండి, ధర మద్దతు ధరకు దిగువకు జారిన దినమున, సంస్థల పక్షమున మార్కెట్టు కమిటీయే కొనవలెను. పప్పు పట్టించు పనిని మహిళాసంఘములకు అప్పగింపవలెను. సంస్థకు కిలోకు కొన్ని రూపాయలు ఎక్కువ పడును. ఆ ఎక్కువయే గ్రాంటు భరింపవలసిన భాగము.

చేపల మాటయు ఇట్టిదే. ఎండలు ముదిరి పాకాల, రామప్ప వంటి చెరువులలో నీరు తగ్గినపుడు చేపలన్నియు ఒక్కసారిగా వలలకు వచ్చును. గట్టుమీద మంచుపెట్టెలతో నిలిచిన దళారి చెప్పినదే ధర. గుడి అన్నదానములలో చేపకు చోటు లేదు, ఉండవలెనని నేనడుగను. కాని అనాథాశ్రమములును, విద్యార్థుల వసతిగృహములును ఉన్నవి. వారమునకొక పూట రవ్వచేప గాని, బొచ్చెచేప గాని ఆ పిల్లల కంచములలో పడిన, మత్స్యకార సంఘములకు ఒక స్థిరమైన బేరము దొరకును.

నిరుడు చూచిన ఆ వృద్ధుడు ఈ యేడును కందులే వేసెనో, విసిగి పత్తికి మారెనో నేనెరుగను. సంక్రాంతి దాటగనే కందుల బస్తాలు మరల యార్డు గేటు దాటును. దాతలును, మార్కెట్టు కమిటీవారును ఒక్కచోట కూర్చుండి మాటలాడుకొనుటకు అంతవరకే వ్యవధి కలదు.