ముందు చెవి, ఆ తర్వాతే గొంతు

తుఫానుల కాలం దగ్గరపడిందంటే తీరప్రాంతపు హామ్ రేడియో మిత్రుల మధ్య ఒక పాత వాదన మళ్లీ మొదలవుతుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో పాత సెట్టు మార్చి కొత్తది కొనాలా? లేక ఉన్న సెట్టుకే యాంప్లిఫయర్ తగిలించి బలం పెంచాలా? ఇది నలుగురు సరదారాయుళ్ల గొడవే కదా అని మనం తీసిపారేయడానికి వీల్లేదు. ఆపద వేళ మన ఊరి కబురు జిల్లా కేంద్రానికి చేరుతుందా లేదా అన్నది ఈ నిర్ణయం మీద ఆధారపడవచ్చు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తిన సంగతి మన పెద్దలకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. వేలమంది ప్రాణాలు పోయాయి. తీగలు తెగి, దారులు మూసుకుపోయి ఊరికీ ఊరికీ సంబంధం లేకుండా పోయింది. ఇప్పుడు సెల్ ఫోన్లు ఉన్నాయి కదా అనవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వంటి మహానగరంలోనే ఆ ఫోన్లు మూగపోయాయి. అదే 2004 డిసెంబరులో సునామీ అండమాన్‌ను కొట్టినప్పుడు, హైదరాబాదులోని హామ్ రేడియో జాతీయ సంస్థ తరఫున అప్పటికే పోర్టుబ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం తమ సెట్లతోనే క్షేమ సమాచారాలు అందించింది. తీగతోనూ టవరుతోనూ పనిలేని సాధనం విలువ అది.

ఇక అసలు విషయానికి వద్దాం. మామూలు సెట్టు 100 వాట్ల బలంతో ప్రసారం చేస్తుంది. యాంప్లిఫయర్‌తో దాన్ని 400 వాట్లు చేశామనుకుందాం. నాలుగు రెట్లు పెంచాం కాబట్టి అవతలివారికి నాలుగింతలు గట్టిగా వినిపిస్తామని చాలామంది భ్రమ. అవతలి సెట్టులో బలాన్ని చూపే మీటరు ముల్లు కదిలేది ఒక్క గీత మాత్రమే. 200 వాట్లయితే అందులో సగమే. ఈ లెక్క తెలియకుండా వేలకు వేలు పోయడం తగదు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. యాంప్లిఫయర్ మన మాటను పంపుతుందే గాని, అవతలివారి మాటను మన చెవిన వేయదు. వరదలో చిక్కినవాడు చిన్న బ్యాటరీ సెట్టుతో సన్నగా పిలుస్తుంటే, మన గొంతు ఎంత పెద్దదైతే వాడికేం లాభం? చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అంటాం. ఇక్కడ శంఖం ఊదేవాడే చెవిటివాడైతే ఏమనాలి?

కరెంటు సంగతి కూడా చూడాలి. 400 వాట్లు బయటికి రావాలంటే యాంప్లిఫయర్ దాదాపు 800 వాట్లు లాగుతుంది. తుఫానులో మొదట పోయేది కరెంటే. ఇన్వర్టరు పెట్టి 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద నడిపితే గంటసేపు మాట్లాడేలోగానే అది చతికిలబడుతుంది. అదే బ్యాటరీతో మామూలు సెట్టును ఎక్కువసేపు వింటూ, అవసరమైనంతే మాట్లాడితే ఒక రాత్రి గడుస్తుంది.

అలాగని కొత్త సెట్టు కొంటే సరిపోతుందా? నా అభిప్రాయంలో అదీ మొదటి పని కాదు. మొదటి ఖర్చు ఏరియల్ మీద పెట్టాలి. మంచి ఏరియల్ పంపేటప్పుడూ వినేటప్పుడూ రెండింటికీ పనికివస్తుంది. 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడటానికి కావలసింది సుమారు 66 అడుగుల రాగి తీగ. రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టి, చెట్లు ఊగినా తెగకుండా తాడుకు వదులు ఇస్తే చాలు. కరెంటు తీగల దరిదాపుల్లో మాత్రం కట్టకూడదు. ఎత్తు తక్కువైనా మన రాష్ట్రం దూరాలకు పగటిపూట అది చక్కగా అందుతుంది. గాలికి తెగిపడితే మళ్లీ కట్టడానికి మరో తీగ చుట్ట ఇంట్లో ఉంచుకోవాలి. పిడుగుల వేళ మాత్రం తీగను సెట్టు నుంచి విడదీయడం మరవకూడదు.

దగ్గరి ఊళ్లతో మాట్లాడే 145 మెగాహెర్ట్జ్ సెట్లవారు కేబుల్ చూసుకోవాలి. సన్న కేబుల్ 100 అడుగులు లాగితే బలంలో నాలుగింట మూడు వంతులు దారిలోనే హరించుకుపోతుంది. గట్లు తెగిన కాలువకు పెద్ద మోటారు బిగిస్తే చివరి మడికి నీరు అందుతుందా?

ఏరియల్, బ్యాటరీ, దాన్ని నింపే సోలారు పలక సమకూరాక డబ్బు మిగిలితే అప్పుడు సెట్టు మార్చవచ్చు. ఇవాళ ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్ల వల్ల రొద పెరిగింది. మంచి ఫిల్టర్లున్న కొత్త సెట్టు ఆ రొదలోంచి మాటను వేరుచేయడంలో సాయపడుతుంది. పాత సెట్టు బాగానే వింటుంటే మాత్రం మార్చడం దండగ.

యాంప్లిఫయర్ ఎవరికీ వద్దని కాదు. పదిమందిని అదుపులో పెట్టి సందేశాలు పంచే కేంద్రానికి, జనరేటరు ఉన్నచోట, అది అక్కరకు వస్తుంది. లైసెన్సు తరగతిని బట్టి ఎంత బలం వాడవచ్చో పరిమితి ఉంది. దాన్ని దాటకూడదు. గొట్టాల యాంప్లిఫయర్లలో వేల వోల్టులుంటాయి. తెలియనివారు మూత విప్పితే ప్రాణాల మీదికి వస్తుంది.

పంచాయతీలు, యువజన సంఘాలు ఈ సెట్లకు సాయం చేయదలిస్తే పెట్టె ఎంత పెద్దదని అడగవద్దు. కరెంటు పోయిన రాత్రి అది ఎన్ని గంటలు వింటుందని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారికే చందా ఇవ్వాలి.