ప్రభుత్వ భవనముల విద్యుత్పత్రములు

గదికొక ఏసీ యంత్రమును కొనబోవు గృహస్థు దానిమీద నంటించిన నక్షత్రములను లెక్కపెట్టి, ధరతో సరిచూచుకొని మఱి కొనుచున్నాడు. 2010వ సంవత్సరమునుండి ఆ చీటి లేని యంత్రము నమ్మరాదు. ఆ గృహస్థే భూమి పత్రములకై కలెక్టరు కచేరీకి పోయినచో నట్టి యంత్రములు గదిగదికిని మ్రోగుచుండును గాని, భవనమంతయు గలిసి యేటేట నెంత విద్యుత్తును మ్రింగుచున్నదో తెలుపు చీటి యే గోడమీదను గానరాదు.

మనకు చట్టము లేక కాదు. ఇంధన పరిరక్షణ చట్టము 2001లో వచ్చినది. దానిని నడుపుటకు 2002 మార్చి 1వ తేదీన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ ఏర్పడినది. క్రొత్తగా గట్టు పెద్దభవనములకు 2007లో నియమావళి వెలువడగా, 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండును దానిని తమకు ననువుగా స్వీకరించినవి. ఉన్న కార్యాలయములకు 2009లో నక్షత్రముల పద్ధతి వచ్చినది. అది పటమును జూచి కాక మీటరును జూచి యిచ్చు పత్రము. సంవత్సరమున దిరిగిన యూనిట్లను భవన వైశాల్యముచే భాగింతురు. ఉక్కపోత గల ప్రాంతమున, సగమునకు మించి చల్లబఱచు కార్యాలయము చదరపు మీటరునకు 200 మొదలు 175 వఱకు యూనిట్లు వాడినచో ఒక నక్షత్రమనియు, 100కు లోపడినచో ఐదనియు నాటి పట్టిక.

అయిన నిది కోరినవారికి మాత్రమే. గెలుతుమను నమ్మకము గలవాడే పరీక్షకు పేరిచ్చును. పోనీ, అందఱును వచ్చిరే యనుకొందము. ఒక్క నక్షత్రమునకైన దగని భవనమునకు గుర్తేమి? ఏమియు లేదు! 250 యూనిట్లు వ్యయపఱచు కచేరియు, పరీక్షకే రాని కచేరియు చూచువారి కంటికి సమానములే.

ఇంగ్లండు, వేల్సులు వేఱుదారి త్రొక్కినవి. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశము ననుసరించి, 2008 అక్టోబరునుండి అచ్చట 1000 చదరపు మీటర్లకు మించి, జనులు తఱచు వచ్చిపోవు ప్రభుత్వ భవనములు తమ పత్రమును అందఱకు గనబడుచోట తగిలింపవలసి వచ్చినది. 2015 జూలైలో ఆ హద్దును 250 మీటర్లకు దించిరి. 'ఏ' మొదలు 'జి' వఱకు ఏడు తరగతులు. ఆ జాతి భవనము సామాన్యముగా వాడు ఇంధనమును 100గా గొని, 150 దాటినదానికి 'జి' అక్షరము వ్రాయుదురు. పెద్దభవనముల పత్రమును ఏటేట మార్చవలయును. మన నేలినవారినుండి నేర్చుకొనుటయా యని కొంద ఱనవచ్చును. వారి కచేరీల దర్పమును దెచ్చుకొన్న మనము వారి లెక్కను దెచ్చుకొనుటకు వెనుదీయనేల?

అంకె యొక్కటియే సర్వమును జెప్పదనుట నిజము. పంకా తిరుగక, దీపము వెలుగక, గుమాస్తాలు చెమటలు గ్రక్కు మండల కచేరీకి ఈ లెక్కలో గొప్ప పేరు రావచ్చును. దానిని సామర్థ్యమనుట దారిద్ర్యమును తపస్సనుటయే. రేయింబవళ్లు శస్త్రచికిత్సలు జరుగు ఆసుపత్రిని, సాయంకాలమునకు మూయు ఖజానా కచేరితో పోల్చుటయు తగదు. కావున పత్రముమీద భవనపు జాతియు, పనిచేయు గంటలును, అందు గూర్చుండువారి సంఖ్యయు నుండవలయును.

ఇంతకు దుబారా యెక్కడ పుట్టుచున్నది? మీట నొక్కు అధికారి బిల్లును జూడడు. బిల్లు జూచు గుమాస్తా మీటను ముట్టజాలడు. బిల్లు చెల్లించుటయు నొక్కొక్కప్పుడు నామమాత్రమే. ప్రభుత్వశాఖలు విద్యుత్పంపిణీ సంస్థలకు బాకీపడుట రెండు రాష్ట్రములందును పాతకథ. ఏసీ యంత్రమును ఒక్క డిగ్రీ పైకి జరిపిన నూటికి ఆఱుపాళ్లు విద్యుత్తు మిగులునని చెప్పి, కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2018లో 24 డిగ్రీలను సూచించినది. వైశాఖమాసమున కోటు దొడిగికొని దస్త్రములు జూచు అధికారులను మన మెఱుగమా? పూర్వపు కచేరీలకు మందమైన సున్నపు గోడలు, ఎత్తైన కప్పు, చుట్టును వసారా యుండెడివి. నేడు చలిదేశముల అద్దపు గోడలను దెచ్చి, ఎండను లోనికి బిలిచి, దానిని వెడలగొట్టుటకు యంత్రములు పెట్టుచున్నాము.

రెండు ప్రభుత్వములును ముందుగా వెలగపూడి, హైదరాబాదు సచివాలయములకును, పిదప జిల్లా కచేరీలకును ఈ పత్రమును నిర్బంధము చేయవలయును. ఇందుకు క్రొత్త సంస్థ యక్కఱలేదు. మీటరు లెక్క పంపిణీ సంస్థ యొద్దను, వైశాల్యపు లెక్క రోడ్లు భవనముల శాఖ యొద్దను గలవు; భాగహారమునకు ఒక గుమాస్తా చాలును. మార్చి 31తో ముగియు సంవత్సరపు లెక్కను జూన్ నెలలోపల ప్రకటింపవలెను. ఒక నక్షత్రమునకు జాలని భవనమున ఆ మాటనే తెలుగున, పెద్ద యక్షరములతో వ్రాసి, అర్జీదారులు నిలుచు కిటికీ ప్రక్కనే తగిలింపవలయును.