తల ఆగిందా... అంతే!

పసిపిల్లల ముందు రెండు చేతులతో మొహం మూసుకుని, చటుక్కున తెరిచి నవ్వించడం ప్రతి ఇంట్లో ఉండే ఆటే. తెలుగిళ్లలో దాన్ని దోబూచి అంటారు. ఇంగ్లిషువాళ్లకు అది ‘పీకబూ’. వినడానికి ముద్దుగా ఉన్న ఈ పేరు బాక్సింగ్‌లో మాత్రం మహా దూకుడైన ఓ పద్ధతిది. మైక్‌ టైసన్‌ని ఇరవై ఏళ్లకే హెవీవెయిట్‌ ఛాంపియన్‌ని చేసింది అదే!

దీన్ని తీర్చిదిద్దిన గురువు కస్‌ డమాటో. న్యూయార్క్‌ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్‌ అనే చిన్న ఊళ్లో, పోలీస్‌స్టేషన్‌ పై అంతస్తులో ఆయన జిమ్‌ ఉండేది. బాల నేరస్థుల పాఠశాలలో ఉన్న పదమూడేళ్ల టైసన్‌ని ఆయన దగ్గరికే తీసుకొచ్చారు. పెద్దయ్యాక కూడా టైసన్‌ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే. హెవీవెయిట్‌ బాక్సర్లలో అది పొట్టి కిందే లెక్క. పొడుగు చేతులవాడితో దూరం నుంచి కొట్లాడితే ఓటమి ఖాయం. అంటే, దెబ్బ తినకుండా దగ్గరికి చొరబడాలి. ఎలా?

గ్లవ్స్‌ రెండూ చెంపలకు ఆనాలి. మోచేతులు డొక్కలను కాయాలి. మోకాళ్లు వంచి, తలను క్షణం కూడా నిలపకుండా అటూ ఇటూ ఊపుతూ ముందుకెళ్లాలి. ఎదుటివాడి పంచ్‌ గాల్లోకి పోగానే, తప్పించుకున్న ఆ ఊపుతోనే తిరిగి కొట్టాలి. తాడుకి వేలాడే చిన్న సంచిని ఊపి, అది తలకు తగలకుండా తప్పుకోవడం ఇందులో తొలి పాఠాల్లో ఒకటి. డమాటో ఒక్కో దెబ్బకీ ఒక్కో అంకె పెట్టారు. అంకెలు వినబడిన వరసలో శిష్యుడు కొట్టాలి. ఆలోచనతో పనిలేకుండా ఒళ్లే నేర్చుకోవాలన్నది ఆయన సిద్ధాంతం.

ఇంత బాగుంటే అందరూ ఇదే నేర్చుకోవచ్చుగా? అక్కడే ఉంది చిక్కు. గుంజీళ్లు తీస్తూనే ఎదుటివాడితో పోరాడటాన్ని ఊహించుకోండి. మూడు నిమిషాల రౌండ్లు, ఒక్కోసారి పన్నెండు! కాళ్లు అలిస్తే తల ఆగుతుంది. తల ఆగితే, ప్రత్యర్థికి అంత దగ్గరగా వెళ్లినవాడు తేలికైన గురి అయిపోతాడు. ఒంగి ఉంటాడు కాబట్టి కింది నుంచి లేచే అప్పర్‌కట్‌ నేరుగా గడ్డానికి తగులుతుంది. భుజాలు రెండూ ఎదుటివాడి వైపే ఉంటాయి కాబట్టి దెబ్బ పడితే తమాయించుకోవడమూ కష్టమే. పైగా ప్రత్యర్థి గట్టిగా వాటేసుకున్నాడంటే ఊపంతా వృథా.

డమాటో మరో శిష్యుడు ఫ్లాయిడ్‌ ప్యాటర్సన్‌ 1956లో, 21 ఏళ్లకే హెవీవెయిట్‌ ఛాంపియన్‌ అయ్యాడు. 1959లో స్వీడన్‌ బాక్సర్‌ ఇంగెమార్‌ యోహాన్సన్‌ చేతిలో ఒక్క మూడో రౌండ్లోనే ఏడుసార్లు కిందపడ్డాడు. మరుసటి ఏడాదే అతణ్ని ఓడించి, పోయిన హెవీవెయిట్‌ కిరీటాన్ని తిరిగి గెలిచిన తొలి బాక్సర్‌గా నిలిచాడు. కానీ 1962, 63లలో సోనీ లిస్టన్‌ ముందు రెండుసార్లూ తొలి రౌండ్‌ కూడా దాటలేకపోయాడు.

టైసన్‌దీ అలాంటి కథే. డమాటో 1985లో కన్నుమూశారు. ఏడాది తిరిగేసరికి శిష్యుడు ఛాంపియన్‌ అయ్యాడు. ఆయన పద్ధతిలోనే శిక్షణనిచ్చిన కెవిన్‌ రూనీని 1988లో టైసన్‌ పక్కన పెట్టాడు. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో, 6 అడుగుల 3 అంగుళాలు దాటిన బస్టర్‌ డగ్లస్‌ ముందు నిలబడ్డ టైసన్‌లో బలం ఉంది కానీ తలలో ఆ పాత కదలిక లేదు. డగ్లస్‌ పొడుగు చేతులు అతణ్ని దూరంగానే ఆపేశాయి. పదో రౌండ్లో ఓ అప్పర్‌కట్‌... దాని వెనకే మరికొన్ని దెబ్బలు. అంతవరకూ ఓటమి ఎరగని టైసన్‌ నేలమీదున్నాడు!

ఇప్పుడు ఫోన్లో టైసన్‌ వీడియోలు చూసి అదే ఊపును అనుకరించే పిల్లలు చాలామందే. పొట్టిగా, కాళ్లలో సత్తువతో ఉన్నవారికి ఈ పద్ధతి నప్పుతుంది. పొడగరికి మాత్రం చేతుల పొడవనే వరాన్ని చేజేతులా వదులుకోవడమే. ఎవరికైనా ముందు మామూలు నిలకడ, అడుగులు రావాలి. తర్వాత వేలాడే సంచితో సాధన. ఎదురుగా మనిషిని నిలబెట్టడం కోచ్‌ సరేనన్నాకే. ఎందుకంటే, ఇక్కడ నేర్చుకునేటప్పుడు దొర్లే ప్రతి పొరపాటూ తలకు తగిలే దెబ్బే. పదేపదే తగిలితే నష్టపోయేది మెదడు. ఆ నష్టాన్ని ఏ పతకమూ పూడ్చలేదు.