అయిదు లీటర్ల డబ్బా, ఒక ఇనప పుల్ల

పోయిన ఆదివారం సాయంత్రం టీ పెట్టుకుంటుంటే ఫోను. లూకన్‌లో ఉండే మనవాడే, మా జిల్లా కుర్రాడు.

"అన్నా, ఇవాళ కారుకి ఆయిల్ నేనే మార్చా. స్టార్ట్ చేస్తే ఏదో మాడు వాసనొస్తోంది."

"ఎంత పోశావు?"

"డబ్బా మొత్తం. అయిదు లీటర్లు."

"బుక్కులో ఎంతుంది?"

"ఫిల్టరుతో కలిపి నాలుగూ చిల్లరే అనుకో. ఆ కాస్తా మిగిల్చి ఏం చేసుకుంటాం అన్నా? ఎక్కువుంటే ఇంజనుకి మంచిదేగా?"

"గేజి చూశావా?"

"ఏ గేజి?"

నాకు నోట మాట రాలేదు. ఈ అబ్బాయి తెలివి తక్కువవాడేం కాదండీ. ఒక బ్యాంకు చెల్లింపుల వ్యవస్థకి కోడ్ రాస్తాడు. ఒక్క లైను మార్చినా పరీక్షించకుండా ప్రొడక్షన్‌లోకి వదలడు, పక్కవాణ్ణి వదలనివ్వడు. అలాంటివాడు ఇరవై వేల యూరోల కారులో డబ్బా బోర్లించేసి, బానెట్ మూసేసి, చేతులు కడుక్కున్నాడు. పైగా మంగళవారం ఎన్‌సీటీ. పదేళ్ళు దాటిన 152-డి డీజిల్ కారు, ఏటా పరీక్ష తప్పదు. డీజిల్ పొగ పరీక్షలో ఇంజన్ని ఎంత వేగంగా తిప్పుతారో చూసినవాళ్ళకి తెలుసు. అందుకే పరీక్షకి తెచ్చే ముందే ఆయిల్, నీళ్ళు సరైన మట్టంలో ఉన్నాయో లేదో చూసుకు రమ్మంటారు.

టీ వదిలేసి వెళ్ళాను. మాడు వాసన సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. మూత దగ్గర ఒలికిన ఆయిల్ వేడి మీద కాలుతోంది, అంతే. కానీ ఆ ఒలకడమే లేకపోతే ఆ ఫోను వచ్చేదే కాదు. కారు వాళ్ళింటి ముందు వాలు మీద ఉంది. రోడ్డు మీద సమంగా ఉన్నచోట పెట్టించి, పది నిమిషాలాగి, పుల్ల తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీస్తే... మ్యాక్స్ గుర్తుకి పైన ఒకటిన్నర వేలు! పుల్ల దూరే గొట్టంలోంచే సన్నటి పైపు దింపి, చేతిపంపుతో లాగాం. తొమ్మిది వందల మిల్లీలీటర్లు తీశాక గానీ గుర్తు లోపలికి రాలేదు.

సరే, అసలు నా కోపం ఆ కుర్రాడి మీద కాదు. "ఎక్కువైతే మంచిదే" అనే ఆ మాట మీద. ఇది మనవాళ్ళందరి నోటా వింటున్నాను. మనకి వడ్డన అలవాటు. ఆకులో ఖాళీ కనపడితే ప్రాణం ఊరుకోదు, వద్దు వద్దంటున్నా ఇంకో గరిటె. ఇంజన్ కొత్తల్లుడు కాదండీ బాబూ!

అడుగున ఉన్న సంప్‌లో ఆయిల్ నిలవుంటుంది. దానికి కాస్త పైన క్రాంక్ షాఫ్టు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఆ రెంటికీ మధ్య కావాలనే ఖాళీ వదిలారు. మట్టం బాగా పెరిగితే షాఫ్టు వెళ్ళి ఆయిల్లో తగులుతుంది. మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ వస్తుంది. పంపు ఆయిల్‌కి బదులు గాలి బుడగల్ని లాగుతుంది, ప్రెషరు పడిపోతుంది. అంటే ఎక్కువ పోసినందుకు బేరింగులకి ఆయిల్ తక్కువ అందుతుందన్నమాట! ఇంకా ఎక్కువైతే ఆయిల్ ఆవిర్లు గాలి గొట్టంలోకి వెళ్ళి, సిలిండర్లలో కాలి, ఆ మసీ బూడిదా క్యాటలిస్టులోనూ, డీజిల్ ఫిల్టర్లోనూ చేరతాయి. డీజిల్ బండయితే ఒక్కోసారి తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, తాళం తీసినా ఆగకుండా పరిగెడుతుంది. అరుదే. కానీ జరిగినప్పుడు ఇంజన్ మిగలదు. వంద మిల్లీలీటర్లు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు, నేనూ ఒప్పుకుంటాను. లీటరుకి దగ్గర పడితే అది ఉదారత కాదు, నిర్లక్ష్యం.

రెండో మాట ఇంకా చదువుకున్నవాళ్ళది. "బుక్కులో 4.2 అని రాశారు, కొలిచి సరిగ్గా 4.2 పోశా, ఇక చూడ్డమెందుకు?" వీళ్ళతో వాదించడం ఇంకా కష్టం, ఎందుకంటే చేతిలో అంకె ఉంది. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది పోయాల్సిన ఉజ్జాయింపు, ఉన్న మట్టం కాదు. పాత ఆయిల్ ఎప్పుడూ పూర్తిగా దిగదు. ముందు చక్రాలు ర్యాంపు ఎక్కించి దించితే సంప్‌లో ఒక మూల కాస్త ఆగిపోవచ్చు, సన్న దారుల్లో ఇంకాస్త మిగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు దించితే ఇంకొంచెం. ఫిల్టరు మార్చారా లేదా అన్నదాన్నిబట్టి లెక్క మారుతుంది. మొన్న డిసెంబరులో గజగజ వణుకుతూ అయిదు నిమిషాల్లో బోల్టు బిగించేసినవాడికీ, జూన్‌లో తీరిగ్గా అరగంట కారనిచ్చినవాడికీ ఒకే 4.2 ఎలా సరిపోతుంది?

మా అమ్మ అన్నానికి ఎసరు గ్లాసుతో కొలిచి పోసేదే. అయినా చివర్లో వేలు ముంచి, బియ్యం మీద గణుపు దాకా నీళ్ళున్నాయో లేదో చూసేది. గ్లాసు లెక్క తప్పని కాదు, బియ్యం పాతవో కొత్తవో గ్లాసుకి తెలీదని. భద్రాచలంలో గోదారి పొంగుతుంటే ఎగువన ఎన్ని సెంటీమీటర్ల వాన పడిందో అందరికీ తెలుసు. అయినా ప్రమాద హెచ్చరికలు ఇచ్చేది 43, 48, 53 అడుగుల గుర్తుల్ని బట్టే. మట్టం చూసి నిర్ణయించడం మనకి కొత్త విద్యా ఏమన్నానా?

మరి ఎలా చూడాలంటే, మొదట బుక్కులో చెప్పినదానికి అర లీటరు తక్కువే పోయండి. పుల్ల మీద కనీసం మిన్ గుర్తు దాటిందని చూసుకుని, స్టార్ట్ చేసి అర నిమిషం, ఎరుపు దీపం ఆరేదాకా తిరగనివ్వండి. కొత్త ఫిల్టరు ఖాళీగా ఉంటుంది కదా, అది తన వాటా తాగేస్తుంది. ఈ మెట్టు మర్చిపోయి తొలిసారి చూసిన మట్టాన్నే నమ్మేవాళ్ళు చివరికి తక్కువ ఆయిల్‌తో తిరుగుతారు. ఆపేసి పది నిమిషాలు ఆగండి. ఆగకుండా చూస్తే సగం ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది, తక్కువ చూపిస్తుంది, మీరు మళ్ళీ పోస్తారు. చాలామంది ఎక్కువ పోసేది ఇక్కడే. వేడి మీద చూడాలా చల్లారాక చూడాలా అన్నది మాత్రం కంపెనీని బట్టి మారుతుంది, మీ బుక్కులో ఆ ఒక్క పేజీ చదవండి. కారు సమమైన నేల మీద ఉండాలి. ఇక్కడి ఎస్టేట్లలో ఇళ్ళ ముందు డ్రైవ్‌వేలు చాలావరకు రోడ్డు వైపు వాలి ఉంటాయి, కంటికి తెలీదు. ఒక గోళీ వేసి చూడండి, తెలుస్తుంది.

కొత్త ఆయిల్‌తో ఇంకో చిక్కు, పుల్ల మీద కనపడదు. నువ్వుల నూనెలా తేటగా ఉంటుంది. పైగా గొట్టం గోడలకి అంటిన ఆయిల్ పుల్లకి పూసుకుని, ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపించిన వైపే నమ్మండి. తెల్ల కిచెన్ పేపరు మీద పుల్లని పరిస్తే తడి ఎంతవరకు ఉందో అచ్చుపడుతుంది. మిన్‌కీ మ్యాక్స్‌కీ మధ్య చాలా కార్లలో సుమారు లీటరు తేడా, కాబట్టి తక్కువైతే వంద, రెండొందలు చొప్పున పోసుకుంటూ వెళ్ళొచ్చు. మరీ ఆశ్చర్యపోయేంత ఎక్కువ చూపిస్తే ఇంకోటి చూసుకోండి: మీరు కిందనుంచి విప్పింది ఇంజన్ బోల్టేనా, గేర్‌బాక్సుదా? నవ్వకండి, ఇది చాలామందికి జరిగే పొరపాటే. గేర్‌బాక్సు ఖాళీ, ఇంజన్లో రెండింతలు.

ఐర్లండులో ఈ చూడ్డం ఒక్క ఆయిల్ మార్చిన రోజుతో అయిపోదు. 2008 జులైలో మోటార్ ట్యాక్సుని కార్బన్ డయాక్సైడ్ లెక్కకి మార్చాక ఇక్కడ జనం డీజిల్ కార్ల మీద పడ్డారు. మనవాళ్ళూ పడ్డారు. తిరిగేది ఎంతా అంటే స్కూలు, టెస్కో, ఆఫీసు, మళ్ళీ ఇల్లు. పొగ ఫిల్టరు తనని తాను శుభ్రం చేసుకోడానికి అదనంగా డీజిల్ చల్లుతుంది. అది పూర్తవకముందే మనం బండి ఆపేస్తాం. కాలని డీజిల్ కొంత సంప్‌లోకి దిగుతుంది. అంటే మీరు చుక్క పోయకపోయినా మట్టం పెరుగుతుంది! మాజ్డా 2.2 డీజిల్ పుల్ల మీద మ్యాక్స్ గుర్తుకి పైన ఎక్స్ అని ఇంకో గుర్తు పెట్టింది ఇందుకే, అక్కడికి వచ్చిందంటే ఆయిల్ మార్చెయ్యమని. మ్యాక్స్ దాకా నింపి పెట్టుకున్నవాడికి ఈ పెరుగుదలకి చోటేదీ? అందుకే డీజిల్ బండిలో నేను మ్యాక్స్‌కి ఒక గింజెడు కిందే ఆపుతాను.

ఇక కారు కంపెనీల సంగతి. నా అసలు మంట ఇది. రెండువేల దశకం మధ్య నుంచి బీఎండబ్ల్యూ చాలా ఇంజన్లలో పుల్ల తీసేసింది. ఆడి, పోర్షే కూడా కొన్ని మోడళ్ళలో అదే దారి. తెర మీద చూసుకోమంటారు. సెన్సరు తప్పని నేననను. కానీ అది లెక్క చెప్పాలంటే ముందు ఇంజన్ నడవాలి, వేడెక్కాలి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఇప్పుడే ఆయిల్ మార్చినవాడికి కావలసింది స్టార్ట్ చేయకముందు తెలియడం కదా! ఉందో లేదో తెలుసుకోడానికి ఉందని నమ్మి నడపాలట. కొన్ని ఆడి ఇంజన్లలో మరీ విడ్డూరం, గొట్టం ఉంటుంది, పుల్ల ఉండదు, మూత బిగించి ఉంటుంది. కొలిచే పుల్ల వర్క్‌షాపు వాళ్ళ దగ్గర ఉంటుంది. అంటే కొలవొచ్చని వాళ్ళకీ తెలుసు, మనం కొలవడం మాత్రం అక్కర్లేదు.

హెన్రీ ఫోర్డు తండ్రిది ఇక్కడి కార్క్ జిల్లానే. ఆ అభిమానంతోనో ఏమో 1917లో కార్క్‌లో ఫ్యాక్టరీ పెట్టారు, 1984 దాకా నడిచింది. ఆయన 1908లో తెచ్చిన మోడల్ టీ కారుకి పుల్ల కూడా లేదు. ఇంజన్ అడుగున ఒకదాని పైన ఒకటి రెండు చిన్న కుళాయిలు, అంతే. కింది కుళాయి తిప్పితే ఆయిల్ రాకపోతే తక్కువ, పైదాంట్లోంచి కారితే ఎక్కువ. చదువు రాని రైతు కూడా కారు కింద దూరి తేల్చుకునేవాడు. నూట పదిహేనేళ్ళు దాటాక మనకి దక్కింది తెర మీద ఒక బొమ్మ. 2024లో యూరప్ తెచ్చిన రిపేరు హక్కు చట్టం వాషింగ్ మెషీను దాకా, ఫోను దాకా వచ్చింది గానీ కారు దాకా రాలేదు.

"ఇంత గోలెందుకు, గరాజులో ఇచ్చెయ్యొచ్చుగా" అంటారు. ఇవ్వండి. నేనూ ఇచ్చాను ఒకసారి. బిల్లు మీద అయిదు లీటర్లని రాసి ఉంది, ఇంటికొచ్చి చూస్తే మట్టం మ్యాక్స్ దాటి ఉంది. వాళ్ళూ మనుషులే, డబ్బా వాళ్ళకీ అయిదు లీటర్లదే. పుల్ల చూసే పని మాత్రం కారున్నవాడిదే, ఎవరు పోసినా సరే.

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి ఆ కుర్రాడి నుంచి ఫోటో వచ్చింది. తెల్ల కిచెన్ పేపరు, దాని మీద పుల్ల, మ్యాక్స్‌కి నాలుగు మిల్లీమీటర్ల కింద తడి మరక. కింద మెసేజి: "రోడ్డు మీద పెట్టే చూశా అన్నా. తీసిన తొమ్మిది వందలూ ఏం చెయ్యమంటావ్?" శుభ్రమైన సీసాలో ఉంటే మూత పెట్టి దాచుకో, నల్లగా కాలిన పాతదాన్ని మాత్రం కాలవలో పోయకుండా కౌంటీ రీసైక్లింగ్ సెంటర్లో ఇచ్చిరా అన్నాను.

సీసా శుభ్రమైనదేనట. కోక్ సీసా. కడిగాడో లేదో ఇంకా చెప్పలేదు.