కట్టివేసిన రెక్క

‘పక్షము’ అన్న మాటకు రెక్క అనీ, ప్రక్క అనీ, ఒకరి వైపు నిలుచుట అనీ అర్థాలు ఉన్నవి. నెలలో సగమనే అర్థం కూడ ఉన్నది గాని దానితో మనకిప్పుడు పని లేదు. ఈ మూడు అర్థాలకూ ఒకే మనిషి ఉదాహరణం కాగలడా అని విద్యార్థి ఎవరైనా అడిగితే, ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణపు ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ ఫిన్నీని చూపిస్తాను. జట్టుకు అతడు రెక్క. మైదానంలో అతని చోటు ప్రక్క. ఆడినన్నాళ్ళూ ఒకే జట్టు పక్షాన నిలిచినాడు. మొదటి రెండింటిని గురించి వివాదం లేదు. మూడవదానిని గురించే నాకు లోకంతో కొంచెం పేచీ ఉన్నది.

ఆ కాలపు ఆట ఎరుగని బాలురకు ఒక మాట చెప్పవలె. పదకొండుగురిలో అయిదుగురు ముందు వరుసవారు. ఆ వరుసకు ఇరు కొనల నిలిచేవారు వింగర్లు. కుడివైపు వానికి 7, ఎడమవైపు వానికి 11 అంకెలు. మైదానపు అంచున గీసిన సున్నపు గీత వారి రాజ్యానికి పొలిమేర. బంతి వచ్చేవరకు ఆ గీత ప్రక్కన ఒంటరిగా కాచుకొని ఉండవలె. వచ్చినప్పుడు ఎదుటి రక్షకుని ముఖాముఖి ఎదుర్కొని దాటిపోవలె. ఇంత చేసి దాటిన తరువాత గోలు కొట్టే భాగ్యం తరచు తనది కాదు. గీత దగ్గరనుంచి బంతిని గోలు ముందుకు పంపితే, మధ్యనున్న మరొకడు దానిని తలతోనో కాలితోనో లోపలికి నెట్టి పేరు తెచ్చుకుంటాడు. వింగరు వండిపెట్టేవాడు, భోక్త వేరు.

లోకం అప్పుడప్పుడు ఈ లెక్కను తారుమారు చేస్తుంది కూడ. 1953 లో వెంబ్లీలో ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీలో బ్లాక్‌పూల్ జట్టు 1-3 తో వెనుకబడి, చివరకు 4-3 తో బోల్టన్‌ను గెలిచినది. మూడు గోల్స్ కొట్టినవాడు మార్టెన్సెన్. నాలుగవది పెర్రీది. కాని ఆ ఆటకు నిలిచిన పేరు ‘మాథ్యూస్ ఫైనల్’. కుడి రెక్కన ఆడిన స్టాన్లీ మాథ్యూస్ అందించిన బంతులే ఆనాటి ఆటను మార్చినవని చూచినవారు తీర్పు చెప్పినారు. మార్టెన్సెన్‌కు ఇది కొంత అన్యాయమే. అయినా వండినవానికి కూడ ఒకనాడు విస్తరి వేసినందుకు నాకు సంతోషమే.

మాథ్యూస్ పేరు జగమెరిగినది. ఫిన్నీ అతనికంటె ఏడేండ్లు చిన్న. 1922 ఏప్రిల్ 5న లాంకషైరు సీమలోని ప్రెస్టన్‌లో పుట్టినాడు. అది నూలు మిల్లుల ఊరు. ఆ సీమ బట్టను మనవారు బహిష్కరించిన రోజులలోనే ఈ పిల్లవాడు వీధులలో బంతి తన్నుతూ పెరిగినాడు. 1931 లో గాంధీ మహాత్ముడు అక్కడి కార్మికులను పలుకరించడానికి డార్వెన్ వెళ్ళినప్పుడు ఇతనికి తొమ్మిదేండ్లు. పసితనంలోనే తల్లి పోయినది. బక్కపలుచని శరీరం, ఆపైన అనారోగ్యం. ఇంటికి కూతవేటు దూరంలో డీప్‌డేల్ మైదానం. అది ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టు సొంతం. 1888-89 లో జరిగిన మొట్టమొదటి లీగును ఒక్క ఆటయినా ఓడకుండ గెలిచిన జట్టది. వారు పిలిచినప్పుడు కుర్రవాడు ఎగిరి గంతేసి ఉండును. తండ్రి మాత్రం ముందు చేతిపని నేర్చుకొని తీరవలెనన్నాడు. ఆ పని ప్లంబరు పని. ఇళ్ళలో నీటి గొట్టాలు అమర్చడం, కారేవాటిని బాగుచేయడం. ఆ పనిముట్ల సంచిని ఫిన్నీ తరువాత కూడ క్రింద పెట్టలేదు. దేశానికి ఆడుతున్న రోజులలోనూ గొట్టాల పని సాగిస్తూనే ఉన్నాడు. ‘ప్రెస్టన్ ప్లంబర్’ అని జనం ముద్దుపేరు పెట్టినారు.

అతడు పుట్టుకతో ఎడమకాలివాటం వాడు. కుడికాలిని పట్టుబట్టి సాధన చేసి దానికి సమానం చేసినాడు. అందుచేత కుడి రెక్కన నిలిచినా ఎడమ రెక్కన నిలిచినా రక్షకునికి దిక్కు తోచేది కాదు. గీత వెంబడి పోతాడా, లోపలికి మళ్ళుతాడా? ఏ కాలు ముందుకు వచ్చినా రెండవది సిద్ధంగా ఉండేది. యుద్ధం వచ్చి మంచి వయసును మింగినది. ఈజిప్టులోను ఇటలీలోను ఎనిమిదవ సైన్యంలో పనిచేసి వచ్చి, 1946 లో లీగు తిరిగి ఆరంభమైనప్పుడు మొదటి ఆట ఆడేసరికి అతనికి 24 ఏండ్లు. అక్కడినుంచి 1960 వరకు ప్రెస్టన్‌కు లీగులో 433 ఆటలు, 187 గోల్స్. ఇంగ్లండుకు 76 ఆటలు, 30 గోల్స్. 1947 లో లిస్బన్‌లో పోర్చుగల్‌ను ఇంగ్లండు 10-0 తో ఓడించిననాడు కుడివైపు మాథ్యూస్, ఎడమవైపు ఫిన్నీ. ఇద్దరూ ఒక్కొక్క గోలు కొట్టినారు. రెండు రెక్కలూ అట్టివైన పక్షి అరుదు.

ఇక నా పేచీ సంగతి. 1952 మే నెలలో ఇంగ్లండు జట్టు ఇటలీ పర్యటనకు పోయినది. అప్పుడు సిసిలీ ద్వీపంలోని పలేర్మో క్లబ్బు అధిపతి, ఒక రాకుమారుడు, ఫిన్నీని తమ జట్టుకు రమ్మని అడిగినాడు. చేరగానే 10,000 పౌన్లు. నెలకు 130 పౌన్ల జీతం. ఆపైన గెలుపు బహుమానాలు, ఉండడానికి భవనం, తిరగడానికి కారు. ఇంగ్లండులో ఆనాడు ఎంతటి ఆటగానికైనా చట్టంవలె విధించిన గరిష్ఠ వేతనం వారానికి 14 పౌన్లు. ఆటలు లేని వేసవిలో ఇంకా తక్కువ. అంటే ఆ చేరిక సొమ్ము ఒక్కటే స్వదేశంలో పదునాలుగేండ్ల జీతానికి పైమాట. ఫిన్నీకి అప్పటికి 30 ఏండ్లు. ఆటగాని వయసు మనకు తెలియనిది కాదు. ఇంటికి వచ్చి, క్లబ్బు అధ్యక్షుడు నాట్ బక్ చెవిన ఈ మాట వేసినాడు. మాకు ఆడకపోతే నీవు ఇంకెవరికీ ఆడవు అని అధ్యక్షుడు ఒక్క మాటలో తేల్చివేసినాడు. ఆ కథ అంతటితో ముగిసినది. ఫిన్నీ మళ్ళీ బూట్లు బిగించుకొని డీప్‌డేల్‌కు నడిచినాడు.

అధ్యక్షునికి ఇంత అధికారం ఎక్కడనుంచి వచ్చినది? ఆటగాని పేరు క్లబ్బు పద్దులో నమోదై ఉంటుంది. సంవత్సరాంతాన ఒడంబడిక గడువు తీరినా, క్లబ్బు ఆ పేరును తన వద్దనే అట్టిపెట్టుకొనవచ్చును. అట్టిపెట్టుకొన్నంతకాలం అతడు మరొక జట్టుకు ఆడరాదు. అమ్మదలిస్తే అమ్మవచ్చును, ఆ సొమ్ము క్లబ్బుది. 1947 లో మాథ్యూస్‌ను స్టోక్ జట్టు బ్లాక్‌పూల్‌కు ఇచ్చినప్పుడు చేతులు మారిన 11,500 పౌన్లూ ఒక క్లబ్బు పెట్టెలోనుంచి మరొక క్లబ్బు పెట్టెలోకి పోయినవే. పశువుల సంతలో ధర ఎంత పలికినా ఎద్దుకు దక్కేది గడ్డియే గదా. వేతనానికి గరిష్ఠ పరిమితి 1901 నుంచీ ఉన్నది. పైకి పోనీయని కప్పు ఒకటి, ప్రక్కకు పోనీయని గోడ ఒకటి. రెండూ కలిసి గది అయినవి.

ఈ గదిలో పదునాలుగేండ్లు ఆడినవానిని లోకం ‘విధేయతకు మారుపేరు’ అని కీర్తిస్తున్నది. ఫిన్నీ 2014 ఫిబ్రవరి 14న తన 91వ ఏట కన్నుమూసినప్పుడు కూడ అదే మాట మారుమ్రోగినది. ఒకే ఊరు, ఒకే జట్టు, ఒకే మనిషి! ఈనాటి ఆటగాళ్ళు చూచి నేర్చుకొనవలెనట. నేను తెలుగు చెప్పుకొనేవాడిని గనుక మాటనే పట్టుకుంటాను. విధేయుడు అంటే ఆజ్ఞాపింపదగినవాడు. ఆ అర్థంలో అయితే మాట సరిగానే కుదిరినది! కాని పొగిడేవారి భావం అది కాదు. విశ్వాసపాత్రుడని వారి ఉద్దేశం. విశ్వాసం వేరు. ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుడు కర్ణుని రథమెక్కించుకొని పోయి, జన్మరహస్యం చెప్పి, పాండవుల పక్షానికి రమ్మని, రాజ్యమే నీదని ఆశపెట్టినాడు. కర్ణుడు విన్నాడు, తలచినాడు, కాదన్నాడు. పోగలిగి పోలేదు గనుక అది విశ్వాసం. ఫిన్నీ కథలో కృష్ణుడు అడిగినది కర్ణునే, జవాబు చెప్పినది మాత్రం దుర్యోధనుడు. కర్ణుడు ఏమనునో మనకు ఎన్నటికీ తెలియదు. ఇల్లు, పని, చెట్టంత పేరు అన్నీ ప్రెస్టన్‌లోనే ఉన్నవి గనుక స్వేచ్ఛ ఉన్నా అతడు నిలిచి ఉండునేమో. నిలిస్తే ఆ కీర్తి పూర్తిగా అతనిదయ్యేది. ఆ అవకాశాన్ని కూడ అధ్యక్షుడు లాగుకొన్నాడు. డబ్బు పోయినదానికంటె ఇదే పెద్ద నష్టమని నా అభిప్రాయం.

అడ్డు దాటి పోయినవారి గతి ఏమైనది? మాంచెస్టర్ యునైటెడ్ ఎడమ వింగరు చార్లీ మిట్టెన్ 1950 లో కొలంబియా దేశపు బొగోటాకు పోయినాడు. అక్కడ 5,000 పౌన్ల చేరిక, ఏటా అంతే జీతం. ఏడాది తిరిగి స్వదేశానికి వస్తే 250 పౌన్ల జరిమానా, ఆరు నెలల బహిష్కారం. పాత క్లబ్బు అతనిని అమ్మివేసినది. పత్రికలు అతనిని ‘బొగోటా బందిపోటు’ అన్నవి. మరి 1957 లో లీడ్స్ జట్టు జాన్ చార్లెస్‌ను ఇటలీలోని యువెంటస్‌కు 65,000 పౌన్లకు పంపినప్పుడు ఎవరూ బందిపోటు అనలేదు. అంతకు ముందటి సంవత్సరం లీడ్స్ మైదానపు స్టాండు కాలిపోయినది, క్లబ్బుకు డబ్బు కావలసి వచ్చినది. ఒకే ఇటలీ, ఒకే ప్రయాణం. క్లబ్బుకు అవసరమైతే వ్యాపారం, ఆటగానికి అవసరమైతే ద్రోహం.

నన్ను ఎదిరించేవారు ఒక మాట అంటారు. గోడలు కూలినవి గదా, ఏమి బాగుపడినది? వారానికి లక్ష పౌన్లు మించి తీసుకొని, రెండేండ్లకొక జట్టు మారి, చొక్కా మీది గుర్తును ముద్దాడే వింగర్లను తయారుచేసినారు అని. ఆ వెగటు నాకూ ఉన్నది. కాని ఒకని దురాశకు విరుగుడు మరొకని సంకెల కాదు. మన బడిపంతుళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సభలో శాలువ కప్పి గురువు దైవమని పొగడి, జీతం మాట ఎత్తగానే మొగం చిట్లించుకొనే పెద్దలను మనమంతా చూచినవాళ్ళమే. పవిత్రవృత్తి అన్న పొగడ్త ఎంత బిగ్గరగా వినిపిస్తే అంత జాగ్రత్తగా పద్దు చూచుకొనవలసి ఉంటుంది. త్యాగం మెచ్చదగినదే, చేసేవాడు దానిని తానుగా చేయవలె.

మన దేశంలోనే ఒక వింగరు ఉన్నాడు, పోల్చి చూడదగినవాడు. 1962 లో జకార్తాలో ఏషియన్ క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 తో గెలిచి మనవారు స్వర్ణపతకం తెచ్చినారు. ఆ జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు గారు. (ఉపాధ్యాయులు ఈ ఒక్క వాక్యం గర్వంగా మళ్ళీ చదువుకొనవచ్చును.) ఆనాడు ఒక గోలు కొట్టిన కుడి వింగరు పి.కె. బెనర్జీ ఆడినదంతా ఇంచుమించు ఈస్టర్న్ రైల్వే జట్టుకే. కలకత్తాలో ఆటగాళ్ళు ఏటేటా క్లబ్బులు మారుతుండేవారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పెద్ద ఇళ్ళు. అతడు ఆ గుమ్మాలు తొక్కినది శిక్షకుడుగానే, ఆటగాడుగా కాదు. రైలు ఉద్యోగపు నిలకడ కొంత కారణం కావచ్చును. ఏమైనా ఎంచుకొన్నది అతడు. 1958 లో రైల్వే జట్టు కలకత్తా లీగు గెలిచిననాడు ఆ విజయంలో అతని పాలు అతనికి చెందినది.

ఫిన్నీకి అటువంటి విజయం దక్కలేదు. 1953 లో ప్రెస్టన్, అర్సెనల్ సమానంగా నిలిచి, గోల్స్ నిష్పత్తి లెక్కలో ప్రెస్టన్‌కు లీగు చేజారినది. 1954 లో కప్పు తుదిపోటీలో వెస్ట్ బ్రామ్‌విచ్ చేతిలో 3-2 ఓటమి. ఆనాడు అతని ఆట కూడ సాగలేదు. ఆ సంవత్సరమూ, మరల 1957 లోను పత్రికా రచయితలు అతనిని ఇంగ్లండులో మేటి ఆటగానిగా ఎంచినారు. అన్నీ ఉన్న విస్తరి అణగి ఉంటుందన్నట్టు, నోరెత్తి ఎవరినీ దూరలేదు. అణగి ఉన్నాడు గనుక అన్యాయం జరుగలేదని అర్థం చెప్పుకొనడం మన సౌకర్యం.

1960 ఏప్రిల్ 30న అతడు చివరి లీగు ఆట ఆడినాడు. తొమ్మిది నెలలు తిరుగకముందే, 1961 జనవరిలో, జిమ్మీ హిల్ నాయకత్వాన ఆటగాళ్ళు సమ్మెకు సిద్ధపడగా గరిష్ఠ వేతనం రద్దయినది. అప్పటికి దాని మొత్తం 20 పౌన్లు. జానీ హేన్స్‌కు ఫుల్హామ్ క్లబ్బు వారానికి 100 పౌన్లు ఇచ్చినది. 1963 లో ఈస్టమ్ అనే ఆటగాడు వేసిన దావాలో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్, ఆటగాని అట్టిపెట్టుకొనే పద్ధతి వృత్తిస్వేచ్ఛకు అన్యాయమైన నిరోధమని తీర్పు చెప్పినాడు. ఫిన్నీకి ఇవేవీ పనికిరాలేదు. అతడు వెళ్ళిన మరుసటి సంవత్సరమే ప్రెస్టన్ రెండవ శ్రేణికి దిగజారినది; ఆ తరువాత అరువది ఏండ్లకు పైగా మొదటి శ్రేణి ముఖం చూడలేదు. ఒక రెక్క ఎంత బరువు మోసినదో దీనివల్ల కొంత తెలుస్తుంది.

1998 లో అతనికి ‘సర్’ బిరుదు వచ్చినది. 2004 లో డీప్‌డేల్ బయట ఒక విగ్రహం నిలిపినారు. 1956 లో చెల్సీ మైదానంలో, వాననీరు నిలిచిన గడ్డమీద బంతి వెంట జారుతూ పోయే ఫిన్నీని ఒక ఛాయాచిత్రకారుడు పట్టుకొన్నాడు. విగ్రహానికి ఆ చిత్రమే మూలం. చుట్టూ గొట్టాలు అమర్చి నీళ్ళు చిమ్మే ఏర్పాటు చేసినారు. ఆ గొట్టాల బిగింపు ఎలా ఉన్నదో ఫిన్నీ వంగి చూచి ఉంటాడని నా ఊహ.