లెక్కించుటయా, తూచుటయా?

లోపలి వ్రాతను దాచక, దానిని చదువుటకును, దిద్దుకొనుటకును, పదుగురకు పంచుటకును అందరకు హక్కునొసగు సాఫ్ట్‌వేరును ఓపెన్ సోర్స్ అందురు. అది ఊరి యుమ్మడి చెరువు వంటిది. నీరు త్రాగువారందరు, పూడిక తీయువారు కొందరు. ఇట్టి ప్రాజెక్టులు నేడు లక్షోపలక్షలుగా నున్నవి. వీనిలో గ్రాహ్యమైనది ఏదియో తెలియుట ఎట్లు?

2008లో వెలసిన గిట్‌హబ్ ఇందులకొక యుపాయము చూపినది. నచ్చిన ప్రాజెక్టునకు ఎవరైనను ఒక నక్షత్రము నీయవచ్చును. ఈ దినమున, ఈ వారమున, ఈ మాసమున దేనికి ఆదరణ పెరిగినదో యంత్రమే గణించి ‘ట్రెండింగ్’ అను పట్టికగా ప్రకటించును. అట్టి పట్టికలను వడగట్టి ప్రతి యుదయమును ఈ-మెయిలుగా పంపు ఏర్పాటులును బయలుదేరినవి. పేరులేని పనివాని కృషి ఒక్క రాత్రిలో దేశదేశముల వారి కంటబడుట సామాన్యమైన మేలు కాదు. ఆ మేలును మేము కాదనము.

కాని పట్టిక చెప్పునదేమి? నేడు జనులు దేనిని మెచ్చుచున్నారో చెప్పును. మన పని దేనిపై ఆధారపడి యున్నదో చెప్పదు. ఈ రెండును ఒకటేయని భ్రమించుటయే ప్రమాదము.

ఎక్స్‌జెడ్ యూటిల్స్ అనునది ఫైళ్లను కుదించు చిన్న పరికరము. లినక్స్ నడచు చోట్ల మిక్కిలిగా వ్యాపించినది. దానిని ఏండ్ల తరబడి పోషించినవాడు దాదాపు ఒక్కడే. సహాయకుని వేషమున వచ్చిన యొకడు రెండేండ్లకు పైగా పనిచేసి, నమ్మకము సంపాదించి, తుదకందులో దొంగవాకిలి నమర్చెను. దూరపు కంప్యూటరులో ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమేల యగుచున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తరచి చూచి, 2024 మార్చి 29వ తేదీన ఆ గుట్టు బయటపెట్టెను. లోకమును కాచినది ఒక మనుష్యుని శ్రద్ధయే గాని నక్షత్రముల లెక్క కాదు.

ఆ లెక్కయైనను నిర్మలమా? నక్షత్రములను వెలకు విక్రయించు బేరగాండ్రు పుట్టినారు. 2024లో పరిశోధకులు గిట్‌హబ్‌లో 40 లక్షలకు మించిన నక్షత్రములను సందేహాస్పదములని తేల్చిరి. అందు పెక్కు, జనులను మోసగించు హానికర ప్రాజెక్టులకు అంటగట్టినవి.

న్యాయవాద వృత్తిలోనున్న మాకు సుపరిచితమైన సూత్రమొకటి కలదు: సాక్షులను లెక్కింపరాదు, తూచవలెను. ఇంతమంది సాక్షులుండి తీరవలెనని మన సాక్ష్య చట్టము కోరదు. నూరుగురు కొనితేబడిన సాక్షులకంటె ఒక్క సత్యవాది మేలు.

యంత్రమును నిందించుట మా యభిప్రాయము కాదు. యంత్రము మనమడిగిన దానినే లెక్కించును. ఎందరు మెచ్చిరని అడుగుటకు మారుగా, ఎన్ని ప్రాజెక్టులు దీనిపై నిలిచియున్నవి, దీనిని కాపాడువారెందరు అని అడుగవచ్చును గదా! 2020లో ఓపెన్ సోర్స్ సెక్యూరిటీ ఫౌండేషన్ వెలువరించిన ‘క్రిటికాలిటీ స్కోర్’ ఇట్టి ప్రయత్నమే. పట్టికలు కూర్చువారెల్లరు ఆ త్రోవ ననుసరింపవలెను.

మన కళాశాలలును, చిన్న సంస్థలును ఒక ప్రాజెక్టును చేపట్టకముందు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. దీనిని పోషించువారెవరు? ఫిర్యాదులకు ప్రత్యుత్తరము వచ్చుచున్నదా? తుదిసారి దిద్దుబాటు ఎప్పుడు జరిగినది? లైసెన్సు ఏమి చెప్పుచున్నది? వాడుకొనినవారు తప్పులు తెలుపుటయో, వివరణలు వ్రాయుటయో, విరాళమిచ్చుటయో చేసి ఋణము తీర్చుకొనవలెను.

మన భాష సంగతియు ఆలోచింపుడు. తెలుగు అచ్చును చదివి అక్షరములుగా మార్చు పరికరము, వ్రాతలోని దోషములను పట్టు పరికరము, చక్కని ఫాంటు—ఇవి ప్రపంచపు ట్రెండింగ్ పట్టిక కెక్కుట దుర్లభము. వానిని వెదకి, పరీక్షించి, మంచివానిని నలుగురకు తెలుపు బాధ్యత తెలుగువారిది. మన గ్రంథాలయములు పుస్తకముల జాబితాలతో పాటు ఇట్టి జాబితాలను గూడ సిద్ధపరచి, ఏటేట సరిచూచుట మంచిది. చెరువు నిండుగానున్న దినముననే గట్టు చూచి రావలెను.